పూజలో టేపు

మా వీణ గురువుగారు పోయాక అమ్మగారు, అంటే ఆయన భార్య, నన్ను ఒక్కటే అడిగారు. "ఒరే బాబూ, ఆ గొంతు పోకుండా సూడు." ఆయన పాఠాలన్నీ రికార్డు చేసింది నేనే. కంప్యూటర్లతో బతికేవాణ్ణి, ఆ మాత్రం చేయలేనా! విజయనగరంలో మా ఇంటి కంప్యూటర్లో ఒక ప్రతి, బ్యాకప్ టేపు మీద ఇంకొకటి ఉంచాను. రెండూ ఒకే చోట ఉండకూడదని టేపును బొబ్బిలిలో అమ్మగారి అలమరాలో పెట్టాను. పక్కనే, పెట్టె లేకుండా, కొత్త టేపు కూడా ఒకటి. రెండూ ఒకేలా ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బాలు. పాఠాల టేపు పేరు మాత్రం దాన్ని పెట్టిన పైపెట్టె మీదే రాశాను.

దసరా రోజుల్లో పిడుగు పడి మా కంప్యూటర్ కాలిపోయింది. బొబ్బిలి వెళ్లి, అమ్మగారికి సంగతి చెప్పకుండా పెట్టెతో సహా టేపు తెచ్చి ఆఫీసులో టేపు చదివే డ్రైవులో పెట్టాను. ఇందులో ఏమీ లేదు అంది.

క్లీనింగ్ టేపు వేశాను, కేబుల్ మార్చాను. ఆఫీసు టేపు పెడితే చక్కగా చదువుతోంది. మా టేపు మీద మాత్రం ఎన్నడూ ఏదీ రాసిన గుర్తే లేదు. రాసిన రోజు వెనక్కి తీసి విన్నాను మరి! నా మీద నాకే ఒళ్లు మండింది.

అలమరాలో ఉన్న రెండోదీ పెట్టి చూద్దామని, నవమి నాడు డ్రైవు, లాప్‌టాప్ సంచిలో వేసుకుని మళ్లీ వెళ్లాను. అక్కడ రెండో టేపు లేదు. ఇక దాచలేక అమ్మగారికి అంతా చెప్పేశాను.

"ఓలమ్మా! నువ్వు పట్టుకెళ్లింది కొత్తదిరా. ఆయన సదువంతా ఉన్నాదని అసలుది సరస్వతీ పూజలో ఎట్టాను. ఖాళీ పెట్టె ఇంట్లో ఉంచకూడదని కొత్తది అందులో ఎట్టాను. సంకలో పిల్లాణ్ణెట్టుకుని ఊరంతా ఎతికినట్టుంది నీ పని. అడిగితే సెప్పనేటి?"

నిజమే. అమ్మవారి పటం ముందు, వీణ పక్కన, పసుపు కుంకుమలతో మా టేపు. చెయ్యి చాపాను.

"ఆగు! రేపు ఉద్వాసన సెప్పకుండా తీత్తారేటి?"

బ్యాకప్ గురించి చాలా చదివాను గానీ ఈ నియమం ఎక్కడా చూడలేదు. చిన్నప్పుడు పుస్తకాలు పూజలో పెట్టేస్తే ఇక చదవక్కర్లేదని ఎంత సంబరపడేవాళ్లమో, ఆ సాయంత్రం నాకు అంత హాయిగా ఉంది. ఆవిడ వేసిన గారెలు తిని పడుకున్నాను.

దశమి పొద్దున్న హారతిచ్చి, పటం కాస్త కదిపి, టేపు నా చేతికిచ్చారు. కుంకుమ మెత్తటి గుడ్డతో తుడిచి డ్రైవులో పెట్టాను. పాఠాలన్నీ లాప్‌టాప్‌లోకి దిగాయి. మొదటిది వినిపించాను. వీణ కాసేపు మోగి ఆగింది. తర్వాత గురువుగారి గొంతు.

"ఒసే, పప్పు మాడతన్నాది, సూడు!"

అమ్మగారు గబుక్కున లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయారు. తిరిగొచ్చి కొంగుతో కళ్లొత్తుకుంటూ నవ్వారు.

"ఆ రోజు పప్పు మాడనేదురా. ఆయనకెప్పుడూ అనుమానవే. మళ్లీ ఎయ్యి."