గీసుకున్న ముఖం

దేశభక్తి, ధిక్కారం అన్న అంశం మీద గోదావరిఖనిలో మేం కొందరం కలిసి చిత్రప్రదర్శన పెట్టాం. నేను పిడికిలెత్తిన యువకుణ్ణి బొగ్గుతో గీశాను. మోడల్ దొరక్క, అద్దంలో చూసి నన్ను నేనే గీసుకున్నాను. మా ఊళ్లో బొగ్గుకూ నా ముఖానికీ కరువు లేదు.

ఒక ముసలమ్మ వచ్చి ఆ బొమ్మ ముందు ఆగిపోయింది.

“గీ పోరడు నీకేడ దొరికిండు బిడ్డా?”

“అద్దంల దొరికిండవ్వా. అది నేనే.”

ఆమె నన్నూ బొమ్మనూ మార్చి మార్చి చూసింది. “నువ్వెట్లయితవ్? నీకు గంత ధైర్యమేడిది? వీడు నా కొడుకు.”

ఇంట్లో అందరికంటే చిన్నవాడు, అడవికి పోయి అన్నల్లో కలిశాడట. తిరిగి రాలేదు. పోలీసులొస్తారన్న భయంతో ఉన్న ఒక్క ఫొటోనూ ఆమే పొయ్యిలో వేసింది.

“మొఖం యాదికొస్తలేదు బిడ్డా. గిదన్న ఇయ్యి.”

ప్రదర్శన ముగిశాక ఆ బొమ్మను ఆమె ఇంటి గోడకు నేనే తగిలించి వచ్చాను.

ఇప్పుడు రోజూ పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలోంచి అతను నన్ను చూస్తుంటాడు. ఎక్కడా తెగకుండా మెల్లగా గీస్తాను. నా ముఖమే అయితే ఇంత జాగ్రత్త పడేవాణ్ణి కాదు.