కత్తి పడని పుటలు

నేను రాజపాళయం వెళ్ళడానికి నాకున్న అర్హతలు రెండు. ఒకటి, బి.ఎ. ప్యాసయి ట్రిప్లికేనులో ఖాళీగా ఉండటం. రెండు, తెలుగు చదవడం రావటం. మొదటి అర్హతకు మద్రాసులో పోటీ చాలా ఉంది. రెండో దానికి రాజపాళయంలో అసలు పోటీయే లేదు.

హాస్టల్లో నా గదిలో ఉండిన సుందరరాజు ఉత్తరం రాశాడు, ఇంగ్లీషులో. వాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని చదువూ రాతా అరవంలో. తెలుగక్షరం ఎదురుపడితే మర్యాదగా పక్కకు తప్పుకుంటారు. అది చదవగలిగినవాడు వాళ్ళ పెదనాయన ఒక్కడే. చిన్నతనంలో బళ్ళారి పత్తి కొట్లో పనిచేస్తూ నేర్చుకున్నాడట. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం ఆయన చావడిలో ఒక తెలుగు నవల పైకి చదువుతుంటే పదిహేనుమంది వింటున్నారు. ఇప్పుడు ఆయన కళ్ళకు పొరలు కమ్మాయి. మదుర డాక్టరు చదవద్దన్నాడు. "చివరి ప్రకరణం మిగిలింది, వచ్చి చదివిపెట్టు" అని ఉత్తరం సారాంశం.

ఆ నవల కాలేజీ రోజుల్లో నేనూ చదివాను. కమలిని అనే అమ్మాయి సగం పుస్తకం దాకా నిట్టూర్చి జ్వరంతో పోతుంది. తక్కిన సగం ఆమె భర్త నిట్టూరుస్తాడు.

శుక్రవారం సాయంత్రం ఎగ్మూరులో బండెక్కాను. మూడో తరగతి టిక్కెట్టు ఆరు రూపాయల లోపే. ఎదుటి బల్లమీద మదుర జవుళి వ్యాపారి ఒకాయన, నా చేతిలో పుస్తకం చూసి, "చివరి పుట ముందు చదివినారా?" అన్నాడు. లేదన్నాను. "తప్పు చేసినారు. ఎవరు పోతారో ముందే తెలిస్తే వాళ్ళమీద ఆశ పెట్టుకోము గదా. సరుకు చూడక బేరమాడేది ఉందా?" ఆ పద్ధతిలో వివేకం ఉందని ఒప్పుకుని పడుకున్నాను.

మదురలో తెల్లవారింది. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ బాగుంది, కాఫీ వేడిగా ఉంది. విరుదునగర్‌లో బండి మారాను. శ్రీవిల్లిపుత్తూరు దాటాక కుడిచేతివైపు కొండలు బండితోపాటే వచ్చాయి. పదకొండు గంటలకు రాజపాళయంలో దిగాను. సుందరరాజు ఇక్కడి నూలు మిల్లులో గుమాస్తా. జట్కాలో ఇంటికి పోతూ, కథ ఎంతవరకు వచ్చిందని అడిగాను.

"కమలినికి జరము వచ్చినది గదా, అది కుదిరినది. మొగుడు పనికిరానివాడు అని తెలిసి, నగలు అమ్మి జిన్నింగు ఫ్యాక్టరీ పెట్టినది."

"ఏ పుస్తకంలో?"

"ఆ పొత్తకములోనే దా!"

నేను ఆ నవల చదివి నాలుగేళ్ళే. ఇంతలో నా జ్ఞాపకశక్తి ఇంత చెడిపోతుందని నాకు తెలియదు.

కోడి కొళంబుతో, అంటే పులుసుతో, భోజనం అయింది. ఇంటి తెల్ల కుక్క నన్నూ నా పెట్టెనూ వాసన చూసి, రెండింట్లోనూ పనికొచ్చేది లేదని పడుకుంది. సుందరరాజు మిల్లుకు వెళ్ళాక అరుగుమీద పెదనాయనా నేనూ మిగిలాం. ఆయన పట్టుగుడ్డలో చుట్టిన పుస్తకం నా చేతికిచ్చాడు.

ఆ రోజుల్లో కొన్ని పుస్తకాలు అంచు మడతలతోనే వచ్చేవి. చాకుతో కోసుకుంటూ చదవాలి. ఇందులో కమలినికి జ్వరం వచ్చిన పుట దాకా కోసి ఉంది. అక్కణ్ణుంచి ఒక్క మడతా విడలేదు.

"ఏమి తంబీ, కత్తి కావల్నా?" అన్నాడు పెదనాయన.

"పెదనాయనగారూ, ఈ పుటలు..."

"తెలుసు." గొంతు తగ్గించాడు. "రెండేండ్లు అయినది. ఆ ఆదివారము పొత్తకము విప్పితిని. అక్షరాలు చీమలమాదిరి పాకినవి. కనబడలేదు అని చెప్పవలసినదే. పక్క ఊరు సత్రపట్టి నుంచి వచ్చే అళగమ్మ ముందర కూర్చొని, 'కమలినికి జరము ఎట్లుంది పెదనాయనా' అని అడిగినది. ఆ ఏడే ఆమె కూతురు జరములో పోయి ఉండినది. ఏమి చెప్పేది? కుదిరినది అంటిని. ఆ వారానికి చాలును అనుకొంటిని." పుస్తకం అట్ట తట్టి, "అచ్చులో ఏమైనది?" అన్నాడు.

చెప్పాను. ఆయన చాలాసేపు కుక్క వీపు నిమిరాడు.

"రేపు అచ్చులో ఉండేదే చదువు. ఈ ఊళ్ళో ఇన్ని ఏండ్లు నా మాట నిలిచినది. పోతే పోనీ. అళగమ్మకు మాత్రము..." అని ఆపేశాడు.

ఆదివారం మూడు గంటలకు చావడి నిండింది. ముందు వరసలో అళగమ్మ, పక్కన పత్తి వ్యాపారి నారాయణరాజు. అక్కడ పుస్తకం ఎవరు రాశారని ఎవరూ అడగరు, ఎవరు చదువుతున్నారనే అడుగుతారు. నేను చాకు తియ్యలేదు. చివరి పుట దగ్గర తెరిచి, కల్పించడం మొదలుపెట్టాను. డిగ్రీ ఉన్నవాడికి ఒక ప్రకరణం ఎంత అనుకున్నాను.

కమలిని ఫ్యాక్టరీలోంచి బళ్ళకొద్దీ నూలు బయటికి పంపించాను.

"నిలు, నిలు!" అన్నాడు నారాయణరాజు. "గింజ తీసే ఫ్యాక్టరీలో నూలు ఎట్లా వచ్చినది? పోయిన వారము వరకు ఆమెకు బుద్ధి ఉండినదే!"

తడబడి, కమలిని చేత నిట్టూర్పించాను.

"ఎందుకు నిట్టూర్చును? పని లేదా ఆమెకు?" అంది అళగమ్మ.

"ఇతను బి.ఎ. అంట" అన్నారెవరో.

"పావం! తెలుగు చదివేది రాదు."

సుందరరాజు చావడి దూలాలు లెక్కపెడుతున్నాడు. అప్పుడు పెదనాయన చెయ్యి చాచాడు. "ఇటు ఇయ్యి తంబీ. రైలు అలసట. చివరి పుట నాకు కొంచెము కనబడుతుంది."

అరగంట చదివాడు. భర్త ఉద్యోగం అడగడానికి వస్తాడు. కమలిని అతణ్ణి ఎగాదిగా చూసి, "త్రాసు పట్టేది వచ్చునా?" అంటుంది. చావడి గొల్లుమంది. నారాయణరాజు తొడ చరిచాడు. అళగమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అచ్చయిన నవల ఇందులో సగం బాగున్నా నేను ఇంగ్లీషు సాహిత్యం జోలికి పోయేవాణ్ణి కాను.

సోమవారం తొమ్మిదిన్నరకు స్టేషనులో ఉన్నాను. అళగమ్మ సత్రపట్టి నుంచి ఎద్దుబండిలో వచ్చి, మామిడిపండ్ల బుట్టా పట్టుగుడ్డ మూటా నా చేతికిచ్చింది. మూటలో ఆ పుస్తకం.

"పెదనాయనే ఇయ్యమన్నాడు అనుకోండి. మీరే తీసుకొని పోండి."

"ఎందుకక్కా?"

"ఇక్కడ ఉంటే చదివేవాళ్ళు ఇంకొకరు వస్తారు. ఆయనకు కష్టము."

"మీకు తెలుసా?"

"మూడేండ్లు ముందర కూర్చొంటిని. కత్తి పడని పుటలు కనబడలేదా నాకు? జరము వచ్చినవాళ్ళను కత రాసేవాళ్ళు ఉంచరు, అది గూడ తెలుసు. ఆయన కుదిర్చినాడు. సరి, నేను గూడ ఆమెను ఉండనీ అంటిని." బండి కదలబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చి, "ఇంకొక పొత్తకము పంపించండి. ఏదైనా పరవాలేదు. అట్ట మాత్రము గట్టిగా ఉండవలె" అంది.

రాజపాళయం వెళ్ళదలచినవారికి నేను చెప్పగలిగింది తక్కువే. రైలు సుఖం, భోజనం ఘనం, మనుషులు మర్యాదస్తులు. చదవడం వచ్చని మాత్రం ముందుగా చెప్పుకోకండి.

శ్రీవిల్లిపుత్తూరు దాటాక పెట్టెలోంచి చాకు తీశాను. పుస్తకం ఒళ్ళో ఉంది. కాసేపు ఆలోచించి, మామిడిపండు కోసుకున్నాను.