గాజులతో గీసిన అక్షరాలు

గోడ మీద లావుపాటి అక్షరం కనబడితే ఇప్పటికీ నా తల వాలిపోతుంది. నలభై ఏళ్లకు పైగా ఒక మాటను కడుపులో పెట్టుకుని మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను ఆదోనిలో బోర్డులు రాసేవాణ్ణి. ఎమ్మిగనూరు ఖలీల్, నేను ఒకే గురువు దగ్గర కుంచె పట్టడం నేర్చుకున్నాం. నా చెయ్యి శుభ్రమైనది, చూసింది చూసినట్టు దించేవాణ్ణి. అంతే. ఖలీల్ అలా కాదు. లేనిదాన్ని చూడగలిగేవాడు. డెబ్బైల నడుమ ఒకసారి వాళ్లింటికి పోతే, భార్య గాజులు చిన్నవీ పెద్దవీ కాగితాల మీద పెట్టి, వాటి చుట్టూ పెన్సిలుతో గీస్తూ కూర్చున్నాడు. మొత్తం అక్షరమాల. ప్రతి అక్షరమూ నిండు వృత్తమో, అందులో సగమో. తలకట్టు మూడు మూలల ముక్క. సన్నగీత అన్నదే లేదు, అంతటా ఒకటే మందం.

"బస్సులో పోయేటోనికి గూడా ఒక్క సూపుకే అందాలన్నా," అన్నాడు.

ఆ పూట నాకు అన్నం సహించలేదు. అది అసూయ అని అప్పుడు ఒప్పుకోలేదు.

ఆదోనిలో సినిమా పోస్టర్లు అచ్చువేసే ప్రెస్సు యజమాని పెద్ద చెక్క అక్షరాలు చెక్కించాలనుకుంటున్నాడు. ఆయనకు చూపిస్తానని కాగితాలు అడిగితే ఖలీల్ మారుమాట లేకుండా ఇచ్చాడు. యజమాని ఒక్కో కాగితమే తిప్పి చూసి, "ఎవరు గీసినారప్పా ఇవి?" అన్నాడు. అబద్ధం చెప్పాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చానా? లేదనే అనుకుంటాను. కానీ ఆయన కళ్లలో ఒక గౌరవం కనబడింది, అంతకు ముందు నన్నెవరూ అలా చూసి ఉండలేదు, ఆ చూపును ఇంకొకరికి అప్పగించబుద్ధి కాలేదు. "నేనే" అన్నాను. రేపు సరిదిద్దుకుందాం అనుకున్నాను. ఆ రేపు ఎందుకు రాలేదు?

ఏడాది తిరిగేసరికి ఆ అక్షరాలు ఊరంతా పాకాయి. పోస్టర్ల మీద, పత్తి మిల్లు గేటు మీద, లారీల వెనక. నేను బోర్డుల్లోనూ అవే రాశాను. జనం వాటిని నా అక్షరాలన్నారు. పోస్టర్లు చూసి ఖలీల్ సంబరపడ్డాడట. అవి నా పేరు మీద చలామణి అవుతున్నాయని అతనికి తెలియదు.

ఒక మధ్యాహ్నం నన్ను వెతుక్కుంటూ ప్రెస్సుకే వచ్చాడు. యజమాని పక్కనే ఉన్నాడు.

"అన్నా, మా ఊర్లో బట్టల శెట్టి నేను నీ అక్షరాలు దొంగిలించినానంటాండాడు. రాసిన బోర్డు తుడిపించినాడు. నువ్వొచ్చి ఒక్క మాట సెప్పన్నా."

"ఏం సెప్పాల?"

"అవి యాడ పుట్టినాయో సెప్పు. సాలు."

"గుండ్రం ఎవురైనా గీస్తారు ఖలీల్. ఎవురు ముందు గీసినారో నాకేం ఎరుక?" అన్నాను.

అతను అరవలేదు. యజమాని వైపు చూశాడు, నా వైపు చూశాడు. అతనికి అర్థమైపోయింది. "సరేన్నా" అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎమ్మిగనూరులో అతనికి బోర్డు పని ఇచ్చినవాడు లేడు. దొంగ అన్న మాట అంటుకుపోయింది.

ఎనభైల్లో ఎన్నికలొచ్చినప్పుడు ఎమ్మిగనూరు గోడలు రాయడానికి వెళ్లాను. అక్కడ ముందుగా సున్నం కొడుతున్న మనిషి ఖలీల్. కనుబొమల మీద సున్నం. బాగా చిక్కిపోయాడు. అతను తెల్లగా చేసిన గోడ మీద నేను అతని అక్షరాలే రాశాను. ఎలా రాశాను? చెయ్యి రాసింది, అంతకంటే ఏం చెప్పను. అతను రోడ్డుకు అవతల నీడలో కూర్చుని చూశాడు. 'ఓటు వేయండి' అని పూర్తి చేశాక లేచి వచ్చాడు.

"సున్నను అడుగుగీతకు రవ్వంత కిందికి దించాలన్నా. సరిగ్గా గీత మీద నిలబెడితే సిన్నదైనట్టు కనపడ్తాది."

చెక్క మీద చెక్కినవాడు అన్నింటినీ ఒకే గీతకు తెచ్చేశాడు. నేనూ అలాగే రాస్తూ వచ్చాను. ఇన్నేళ్లలో ఆ లోపం నా కంటికి ఒక్కసారీ ఆనలేదు. కుంచె ముంచి దిద్దాను. దిద్దాక బాగుంది. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. కాళ్లు పట్టుకోవచ్చు. కుంచె చేతికివ్వవచ్చు. ఏదీ చేయలేదు. అతను బకెట్ తీసుకుని పక్క గోడకు పోయాడు.

రెండేళ్లకు ఖలీల్ చనిపోయాడని తెలిసింది. వెళ్లలేదు. అతని భార్య పిల్లల్ని తీసుకుని మాధవరం వైపు వెళ్లిపోయిందన్నారు. వెతకలేదు. కొత్త యంత్రాలొచ్చాక ప్రెస్సువాళ్లు ఆ చెక్క అక్షరాలను పొయ్యిలో పెట్టారు. యజమానీ పోయాడు. ఇప్పుడు నేను నిజం చెప్పినా బాగుపడేది ఏదీ మిగల్లేదు, అంతా ముగిసేదాకా ఆగి చెబుతున్నానంటే అది కూడా నా పిరికితనమే. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరిచ్చేది కాదు.

ఆ అక్షరాలు ఖలీల్‌వి. ఈ ముక్క రాయడానికి మూడు రోజులు పట్టింది. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకు మించి ఏమీ మారలేదు.