అతను అనని మాట

ఐదేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. పెద్దదేం కాదు, ఒక్క వాక్యం. అది కూడా ఇంగ్లీషులో చెప్పాను. నాతో ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన మనిషికి కూడా ఆ సంగతి తెలియదు. మీరెవరో నాకు తెలియదు గనక, రేపు వీధిలో ఎదురుపడినా మీరు నన్ను పోల్చుకోలేరు గనక, మీకు చెబుతున్నాను. నా పేరు రాయను. అతని పేరు మార్చి సత్తిబాబు అని రాస్తాను.

మాది కొత్తపేట దగ్గర ఒక ఊరు. పద్దెనిమిదేళ్లు గల్ఫ్‌లో చేశాను. కూలీల క్యాంపులో వంటశాల మీద సూపర్‌వైజర్ పని. ఆ ఏడు సెలవు అయిపోయి ముంబై నుంచి తిరిగి వెళుతున్నాను. పగటి విమానం. అందరూ ముక్కుకీ నోటికీ మాస్కులు కట్టుకు తిరిగే రోజులవి. నా పక్కన కిటికీ దగ్గర ఒక ఉత్తరాది ఆయన, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉన్నాడు. మీరేం చేస్తారని ఇంగ్లీషులో అడిగాడు. మేనేజర్నన్నాను. ఎందుకన్నాను? వందలమందికి వేళకి అన్నం పెట్టించే పని సిగ్గుపడాల్సిన పనా? కాదు. అయినా ఆ మాటే వచ్చింది. ఆయన తల ఊపి తన పనిలో పడ్డాడు.

అప్పుడే వెనకనుంచి ఎవరో నా సీటు మీద మెల్లగా తట్టారు.

"ఏవండీ, తమరు మన గోదారోళ్లేనాండి? ఇందాకా ఫోన్లో మాట్టాడుతుంటే ఇన్నానండి. మాది రాజోలు దగ్గరండి. ఇమానం ఎక్కడం ఇదే మొదలండి."

సీట్ల సందులోంచి చూశాను. పొడుగాటి మనిషి. మడత నలగని కొత్త తెల్ల చొక్కా. కాలర్ లోపల అట్టముక్క కూడా ఇంకా తియ్యలేదు. జవాబివ్వలేదు. వినపడనట్టు ఇటు తిరిగాను. అంతకు రెండు నిమిషాల ముందే మేనేజర్నయ్యాను కదా. మేనేజరుకి ఇతనితో ఏం చుట్టరికం?

విమానం పైకి లేచాక నా ముందు సీటాయన తన సీటు పూర్తిగా వెనక్కి వాల్చేశాడు. ఆయన తల ఇంచుమించు నా ఒళ్లోకి వచ్చింది. కాస్త ముందుకు జరపమని అడగొచ్చు. అడగలేదు. కోటు వేసుకున్న మనిషి, ఏమంటాడో అని జంకాను. చేతి కింద బటన్ నొక్కి నా సీటు కూడా వెనక్కి వాల్చుకున్నాను. వెనక చిన్నగా మూలుగు వినబడింది.

"ఏవండీ, కాళ్లు పట్టట్లేదండి. కాస్త ముందుకి జరుపుకుంటారేటండి?"

నా సీటు నా ఇష్టం అన్నాను. హిందీలో అన్నాను. తెలుగులో అడిగిన మనిషికి, వచ్చీరాని హిందీలో.

భోజనాల వేళ ఎయిర్‌హోస్టెస్ వచ్చి అందరినీ సీట్లు నిటారుగా పెట్టుకోమంది. పెట్టాను. మాకు ట్రేలిచ్చి, అడిగినవాళ్లకి టీ పోసి, ఆ అమ్మాయి నాలుగు వరసలు దాటేసరికి మళ్లీ బటన్ నొక్కాను. ఈసారి వీపుతో గట్టిగా తోశాను. ఎందుకు? నాకు నడుం నొప్పి లేదు. నిద్ర రావడం లేదు. భోజనం కూడా సరిగ్గా ముందుంది, వెనక్కి వాలితే నాకే అందదు. వెనకవాడి మాట విని సర్దుకున్నానని పక్కాయన అనుకుంటాడనా? పక్కాయన చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు. ఆయన అసలు తలే ఎత్తలేదు. ఐదేళ్లుగా ఈ ఒక్క ప్రశ్న దగ్గర కూర్చుని ఉన్నాను. నాకు తెలిసినంతలో జవాబు ఒకటే. తోయగలిగాను గనక తోశాను.

వెనక ట్రే దబ్బున తగిలిన చప్పుడు. పప్పు, అన్నం అతని తెల్ల చొక్కా మీద పడ్డాయి. అది నేను తర్వాత చూశాను. అతను రెండు చేతులూ నా సీటుకి ఆనించి ముందుకు తోశాడు. నా చేతిలో టీ నా చేతి మీదే ఒలికింది. నేను మాస్కు పైకి లాక్కుంటూ లేచి నిలబడి అరిచాను. ఏమరిచానో గుర్తులేదు. ఎయిర్‌హోస్టెస్ పరుగెత్తుకొచ్చింది. ఎర్రబడ్డ నా చెయ్యి చూసింది.

"ఆయన మిమ్మల్ని కొట్టారా?" అని అడిగింది.

ఆ అమ్మాయి ఆ మాట అడగకపోతే నేనేమనేవాణ్ణి? సీటు తోశాడు, టీ ఒలికింది, అనేవాణ్ణి. ఆ మాట నా మనసులో లేదు. ఆమె అడిగాక ఉంది. అవునన్నాను. తల వెనక కొట్టాడన్నాను. రెండుసార్లు అని కూడా అన్నాను. ఆ రెండు ఎక్కడనుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. నా నోట్లోంచి వచ్చిన మాట నేనే విని ఉలిక్కిపడ్డాను. కానీ వెనక్కి తీసుకోలేదు.

విమాన సిబ్బందికి పెద్ద ఒకాయన వచ్చాడు. సత్తిబాబుని ఇంగ్లీషులో అడిగాడు, హిందీలో అడిగాడు. అతనికి రెండూ రావు. "ఆయ్... ఆయ్..." అని తల ఊపుతున్నాడు. నా చేతి వంక చూపించి దణ్ణం పెడుతున్నాడు. ఇతని భాష ఎవరికైనా వచ్చా అని ఆ పెద్దాయన చుట్టూ అడిగాడు. ఎవరూ పలకలేదు.

"నాకు వచ్చు," అన్నాను.

ఫిర్యాదు చేసినవాణ్ణే మధ్యన మాట చెప్పడానికి పెట్టుకోకూడదని ఆయనకి తోచలేదు. ఇంకా సగం మందికి భోజనాలివ్వాలి. గొడవ తొందరగా తెమలాలి. నేను సత్తిబాబు వైపు తిరిగి, "ఏమైందో చెప్పు," అని తెలుగులో అన్నాను.

అతని ముఖానికి మాస్కు ఉంది. అయినా కళ్లు తెరిపిన పడడం కనబడింది.

"తమరు తెలుగువారేనాండి. బాబ్బాబు, కాస్త ఈళ్లకి చెప్పండి. మోకాళ్లు నొక్కుకుపోతుంటే ఆగలేక సీటు తోసేనండి. టీ ఒలుకుద్దనుకోలేదండి. చెయ్యి బాగా కాలిందాండి? తప్పైపోయిందండి."

ఆ పెద్దాయన నా నోటివైపు చూస్తున్నాడు.

"కోపం ఆపుకోలేక కొట్టానని ఒప్పుకుంటున్నాడు," అన్నాను ఇంగ్లీషులో.

ఆయన కాగితం మీద రాసుకుని వెళ్లిపోయాడు. సత్తిబాబు నా మొహంలోకి చూశాడు. "చెప్పేరాండి?" అన్నాడు. చెప్పాను, కూర్చో అన్నాను. అతను రెండు చేతులూ జోడించాడు. "తమరి మేలు మర్చిపోనండి," అన్నాడు.

ఆ తర్వాత నేను నా సీటు నిటారుగానే ఉంచాను.

విమానం నేలకి దిగాక ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు లోపలికి వచ్చి అతన్ని లేపారు. మరకల చొక్కాతో, ఒక కాలు కాస్త ఈడ్చుకుంటూ, నా పక్కనుంచి నడిచాడు. ఆగి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఇంకోసారి చెప్పండి అన్నట్టు ఉంది. నేను పైఅరలో నా సంచీ కోసం వెతుకుతున్నట్టు నిలబడ్డాను. సంచీ నా భుజానికే ఉంది.

అలాంటివాళ్లని ఏం చేస్తారో అన్నేళ్లుగా అక్కడున్న నాకు తెలుసు. కొన్నాళ్లు జైల్లో ఉంచి వెనక్కి పంపించేస్తారు. మళ్లీ ఆ దేశం గడప తొక్కనివ్వరు. తెలిసీ నేను బయటికి నడిచి క్యాంపు బస్సెక్కాను. రెండేళ్ల తర్వాత పని మానేసి ఇంటికొచ్చేశాను. ఈ మధ్యలో నాకు నేను చెప్పుకున్నవి చాలా ఉన్నాయి. అతను సీటు తోశాడు కదా అని. నా చెయ్యి కాలింది కదా అని. పొక్కు కూడా లేవలేదు, రెండోరోజుకి మచ్చైనా లేదు. అయినా అదే చెప్పుకున్నాను.

పోయిన వేసవిలో మా తోటలో కొబ్బరికాయ దింపించి, ఒలవడానికి మనుషుల్ని పెట్టమని వర్తకుడికి చెప్పాను. నలుగురు వచ్చారు. నేలలో పాతిన ఇనుప మొనకి కాయ గుచ్చి పైనున్న పీచు డొక్క తీసే పని. వాళ్లలో ఒకతను పొడుగ్గా ఉన్నాడు. ఒక కాలు చాపే నిలబడుతున్నాడు. నేను గుర్తుపట్టలేదు. అతని ముఖం నేనెన్నడూ పూర్తిగా చూడలేదు, నా ముఖం అతనూ చూడలేదు. పదకొండు గంటలకి మా ఆవిడ మజ్జిగ తెచ్చింది. అందరూ నీడన చేరారు.

"అమ్మగారూ, ఈడు నెమ్మదస్తుడనుకునేరు," అన్నాడు వాళ్లలో ఒకడు నవ్వుతూ. "ఇమానంలో మనిషిని కొట్టొచ్చినోడండి."

"నువ్వా, సత్తిబాబూ?" అంది మా ఆవిడ.

"ఆయ్. కొట్టేనంటండి," అన్నాడతను.

నా చేతిలో గ్లాసు ఉంది. తాగడం మర్చిపోయాను. లేచి లోపలికి పోదామనుకుని, అక్కడే ఉండిపోయాను.

"కొట్టేనంట ఏవిటి? కొట్టేవో లేదో నీకు తెలీదూ?" అంది ఆవిడ.

"నాకు గ్యాపకం లేదండి. నేను కొబ్బరి దింపు కార్మికుణ్ణండి. చెట్టు మీంచి జారిపడ్డ మోకాలు, పూర్తిగా మడత పడదండి. ఆ సంగతి చెప్తే మెడికల్లో తీసేత్తారు, ఎవరికీ చెప్పకు బావా అన్నాడు మా బామ్మర్ది. ఆడే తన కంపెనీలో చెప్పి వీసా తెప్పించేడండి. ముందు సీటాయన వాలేసరికి పేణం పోయింది. సీటు తోసేను. అంతమట్టుకే గ్యాపకం. దిగేక పోలీసులు తెలుగొచ్చినోణ్ణి తెచ్చి, నువ్వు కొట్టేవు, కొట్టేనని నీ నోటితోనే ఒప్పుకున్నావు, ఇదిగో కాయితం అన్నారండి. మొదట్లో లేదు లేదనే అన్నాను. ఇంటికొచ్చేక అందరూ అదే మాట. మా బామ్మర్దికి కంపెనీలో తలవంపులైపోయిందని, వాళ్లక్క గుమ్మం తొక్కడం మానేసేడండి. ఆలోచించగా ఆలోచించగా నాకూ అనిపించింది. కొట్టకపోతే ఎందుకంటారు? కోపంలో మనిషికి ఒళ్లు తెలీదు కదండి. అప్పట్నించీ నా చేతులంటే నాకే బయమండి. ఇంట్లో మాటా మాటా వచ్చిందంటే లేచి కాలవగట్టుకి పోయి కూర్చుంటాను."

మిగతా ముగ్గురిలో ఎవరూ నవ్వడం లేదు. ఈ కథ వాళ్లు ఇంతకుముందు ఇంత వివరంగా విన్నట్టు లేదు.

"ఆ కొట్టించుకున్నాయన అబద్ధం చెప్పేడేమో," అంది మా ఆవిడ.

"లేదండి, అంత మాటనకండి," అన్నాడు సత్తిబాబు. ఒక్కసారి సర్దుకు కూర్చున్నాడు. "ఆయన మనవాడేనండి, తెలుగాయన. నాకు బాస రాదని, దెబ్బ తిన్నాయనే నా తరపున లేచి మాట్టాడేడండి. అలాంటాయనకి అబద్దం ఏం అవసరవండి? ఎంత గొప్ప మనసో. ఎక్కడున్నాడో, కనబడితే కాళ్లట్టుకుందును."

అతను అది మా ఆవిడకి చెబుతున్నాడు. నేను అతనికి మూడడుగుల దూరంలో ఉన్నాను.

అప్పుడు ఒక్క మాట చెప్పాలి. నువ్వు కొట్టలేదయ్యా అని. రెండంటే రెండు మాటలు. నోరు తెరిచాను. "ఇంకాస్త మజ్జిగ పొయ్యి," అన్నాను మా ఆవిడతో. సాయంత్రం దాకా అతను కాయలు ఒలిచాడు. నేను వీధి అరుగు మీద కూర్చుని చప్పుడు విన్నాను. ఆవిడ రెండుసార్లు వచ్చి ఒంట్లో బాగోలేదా అని అడిగింది.

మొదటిది నోరు జారి చేసిన తప్పు అని ఎవరైనా అనొచ్చు. రెండోది ఏమిటి? ఇప్పుడు నాకు ఏం పోతుంది? ఆ ఉద్యోగం లేదు, ఆ దేశం లేదు, ఆ కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పోలీసులు రారు. ఊళ్లో నాలుగు రోజులు అనుకుంటారు, మానేస్తారు. మరెందుకు చెప్పలేదు? చాలా రోజులు తవ్వుకున్నాను. దొరికింది చూసి నాకే భయం వేసింది. నన్ను అంత గొప్పవాడిగా తలుచుకునే మనిషి ఈ లోకంలో ఇంకెవరూ లేరు. మా ఆవిడ తలుచుకోదు, పిల్లలు తలుచుకోరు. అతని దగ్గరున్న ఆ మంచివాణ్ణి పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకని అతన్ని దోషిగానే ఉండనిచ్చాను.

నెల తర్వాత ఒకసారి వాళ్లూరు వెళ్లాను. చెప్పాలనే వెళ్లాను. అతను తాటిపాకలో పనికి వెళ్లాడట. వాళ్లావిడ ఉంది. కుర్చీ వేసింది. పనికి పిలవడానికి వచ్చాననుకుంది. మాటల్లో తన తమ్ముడి సంగతి కదిపాను. అంతకు ముందు నెల ఐనవిల్లి గుళ్లో దర్శనం వరసలో వాడు తనకంటే నలుగురు ముందు నిలబడ్డాడని, వెనక్కి తిరిగి చూసి కూడా పలకరించలేదని చెప్పింది. ప్రసాదం కూడా తీసుకోకుండా వచ్చేసిందట.

"ఈయన చేసినదానికి ఆణ్ణేవంటామండి," అంది. "వాడి పరువు తీసేరు కదండీ."

మనిషి అలా అంటుంటే వింటూ కూర్చున్నాను. మంచినీళ్లు తాగాను. మళ్లీ వస్తానని చెప్పి లేచాను. మళ్లీ వెళ్లలేదు.

వెళతానని మీకు మాట ఇవ్వను. ఇస్తే ఇది కూడా ఇంకో అబద్ధం కావచ్చు. నన్ను క్షమించమని కూడా అడగను, క్షమించడానికి మీరెవరు? అడగాల్సిన మనిషి దగ్గర నోరు పెగలక మీకు రాస్తున్నాను. అది పిరికితనమని తెలుసు. అయినా ఒకటి మాత్రం నిజం. ఇంతవరకు రాసేసరికి ఊపిరి కాస్త తిన్నగా ఆడుతోంది.

సత్తిబాబు నన్ను కొట్టలేదు. కొట్టానని ఆ రోజు ఎవరితోనూ అనలేదు. ఇన్నేళ్లూ ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అతనికి కూడా తెలియదు. ఇప్పుడు మీకు తెలిసింది.