చీకటి గదిలో నేను చెప్పిన ‘ఇప్పుడు’

2022 ఆడి నెల, జూలై-ఆగస్టుల కాలం. తమిళనాడులోని కోవిల్‌పట్టి బస్టాండు దగ్గర మేడమీద ఉన్న ఒక కంటి ఆసుపత్రిలో నేను టెక్నీషియన్‌ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఆడి గాలికి నల్లరేగడి దుమ్ము లేచి, కళ్ళు ఎర్రబడినవాళ్ళు పొద్దున్నించే మెట్ల మీద వరుస కడతారు. వాళ్ళందరినీ చూసి పంపి, మధ్యాహ్నం మూడు దాటాక నేను ఫీల్డ్ టెస్ట్ గదిలోకి వెళ్తాను. అప్పటికి నాలో ఓపిక అడుగంటి ఉంటుంది. ఇది సాకు కాదు. ఆ రోజు నేనెలా ఉన్నానో చెబుతున్నాను, అంతే.

ఫీల్డ్ టెస్ట్ అంటే చూపు ఎంత దూరం ఆనుతుందో కాదు, ఎంత వెడల్పు ఉందో చూసే పరీక్ష. చీకటి గదిలో పెద్ద తెల్లగిన్నె లాంటి మెషిన్ ఉంటుంది. దానికి గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, రెండో కంటితో నడిమధ్య చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు మిణుక్కుమంటుంది. కనబడితే చేతిలోని బటన్ నొక్కాలి. కనబడకపోతే ఊరకే ఉండాలి. గ్లాకోమాను తెలుగులో నీటికాసులంటారు. అది ముందు పక్కచూపును తింటుంది. చాలామందికి నొప్పి ఉండదు. ఎదుటి చూపు చాలాకాలం బాగానే ఉంటుంది కనుక, పోతున్నది మనిషికి తెలియదు. ఆ తెలియనిదాన్ని కాగితం మీదికి తెచ్చేది ఈ పరీక్ష.

గురువమ్మకు యాభై దాటాయి. కడలమిఠాయి, అంటే వేరుశనగ చిక్కీ, చేసేచోట పొట్లాలు కట్టే పని. కళ్ళద్దాలు మార్చుకుందామని వచ్చింది. గోడమీది అక్షరాల్లో చిట్టచివరి వరుస కూడా తడుముకోకుండా చదివింది. కానీ డాక్టరుగారికి కంటి నరం మీద అనుమానం వచ్చింది. ప్రెషర్, అంటే కంటి లోపలి ఒత్తిడి, హద్దు దగ్గరే ఉంది. ఫీల్డ్ టెస్ట్ రాశారు.

ఆమెకు అరవంలో పరీక్ష గురించి చెబుతుండగా మా ఇంటినుంచి ఫోను వచ్చింది. నేను తెలుగులో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేసరికి ఆమె మొహం వికసించింది.

“నువ్వు మనోడేనా తమ్ముడా! ముందే చెప్పకూడదా? ఇంతసేపూ అరవంలో తంటాలు పడతా ఉండాను.”

మా వైపు తెలుగు ఇంట్లో మాట్లాడే భాష. గడప దాటితే అరవమే. ఆసుపత్రిలో ఆ మాట వినబడిందంటే ఇద్దరికీ చుట్టాలింటికి వచ్చినట్టే ఉంటుంది.

“కండ్లల్లో ఏం కష్టమక్కా?” అని అడిగాను.

“కండ్లు బాగానే ఉండాయి. మనుషులే బాగాలేదు. విరుదునగర్‌లో నా చెల్లెలు సీత ఉండాది. దానింటి కల్యాణంలో నేను దాన్ని చూసీ చూడనట్ట పోయినానంట. నాకు గర్వమంట. ఏడాదిగా మాటలేదు. మిఠాయి పొట్లాలు కట్టేదానికి ఏం గర్వం తమ్ముడా?”

నేను నవ్వాను. “కొత్త అద్దాలు పెట్టుకో, చెల్లెలు కనపడతాదిలే” అన్నాను. ఆమె కూడా నవ్వింది. తన రోగం మొత్తం ఆమె తన నోటితోనే చెప్పింది. నేను దాన్ని ఇంటి గొడవ అనుకున్నాను.

పరీక్ష మొదలైంది. నా ముందు స్క్రీన్ మీద వెలుగు ఎక్కడ పడుతోందో తెలుస్తుంది. పడుతోంది, పడుతోంది. బటన్ శబ్దం మాత్రం రావడం లేదు.

“వెలుగు వస్తే నొక్కాలక్కా.”

“వస్తే నొక్కనా? నేను బడికి పోలేదు తమ్ముడా. పరీచ్చ అంటేనే భయం. ఎప్పుడు నొక్కేదో నువ్వే చెప్పు, నీకు పుణ్యముంటాది.”

ఆమెకు పరీక్ష అర్థం కాలేదనుకున్నాను. మళ్ళీ మొదటినుంచి చేయాలంటే ఇంకో అరగంట. బయట ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. పైగా మన మనిషి, ఫెయిలయ్యానని బాధపడుతుంది. స్క్రీన్ వైపు చూస్తూ “ఇప్పుడు” అన్నాను. నొక్కింది. “ఇప్పుడు.” నొక్కింది. రెండో కంటికీ అలాగే చేయించాను.

“పాసా తమ్ముడా?”

“పాసే అక్కా.”

సంచిలోంచి ఒక మిఠాయి పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. అక్కడే నిలబడి తిన్నాను.

డాక్టరుగారు ఆ కాగితం చూసి, ఫీల్డ్ బాగుంది, చుక్కలమందు ఇప్పుడే వద్దు, ఆరు నెలలకు మళ్ళీ రమ్మను అన్నారు. ఆమె రాలేదు. పాసైన మనిషి ఎందుకు వస్తుంది?

వచ్చింది 2024లో. మెట్టు మెట్టుకూ పాదంతో వెతుక్కుంటూ, గోడను పట్టుకుని పైకి వచ్చింది. ముంజేతి మీద ఏదో కొట్టుకున్న గాయాలు, ఒకటి పాతది, రెండు కొత్తవి. అక్షరాలు మాత్రం అప్పటికీ చివరి వరుస దాకా చదివింది.

“తట్ట మోసుకొచ్చేవాళ్ళని గుద్దేస్తా ఉండాను. రెండుసార్లు మిఠాయంతా నేలపాలు. ‘నువ్వు లేవొద్దు, కూర్చున్నచోటే ఉండు’ అంటాడు పని ఇచ్చే మొదలాళి. ఇంట్లో తినేటప్పుడు పక్కన పెట్టిన చెంబు తన్నేస్తాను. రోడ్డు దాటాలంటే ఎవురినైనా పిలవాల. ఒక్కో దినం ఎవురూ రారు, అట్లే నిలబడి ఉంటాను. బండ్లు పక్కనించి రావు తమ్ముడా, మాయగా ఎదురుగా పుడతాయి.”

“చెల్లెలు?”

“ఇప్పుడు అదొకతే కాదు. వీదిలో ఎవురూ పలకరించరు. నేను పలకరించనంట.”

ఈసారి పరీక్షలో నేను నోరెత్తలేదు. బటన్ చాలాసేపు మోగలేదు. కాగితం బయటికి వచ్చింది. మధ్యలో తాళం కప్ప రంధ్రమంత తెలుపు, మిగతాదంతా నలుపు. ఎడమ కంటికి ఆ తెలుపు ఇంకా తక్కువ. డాక్టరుగారు పాత కాగితాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టారు.

“రెండేళ్ళలో ఇంతనా? అప్పుడు సరిగ్గా చేసిందా ఈమె?”

“బాగానే చేసింది సార్” అన్నాను.

ఇది నా రెండో తప్పు. మొదటిది అలసటతో చేశాను. ఇది తెలిసి చేశాను. నాలుగో రోజు డాక్టరుగారి గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన అరవలేదు. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టి, “నేను నమ్మింది మెషిన్‌ని కాదయ్యా, నిన్ను” అన్నారు. తర్వాత, “ఆమెకు నువ్వే చెప్పాలి” అన్నారు.

నెల తర్వాత ప్రెషర్ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆమెను వరండాలో బల్లమీద కూర్చోబెట్టి చెప్పాను. ముందు ఆమెకు అర్థం కాలేదు.

“నువ్వు చెప్పకపోయుంటే నేను ఫెయిలయ్యేదాన్ని కదా? మంచే చేసినావు.”

“ఫెయిలవ్వాల్సిందక్కా. అప్పుడే ఫెయిలయ్యుంటే ఆ రోజే మందు మొదలయ్యేది. ఇప్పుడు పోయింది తిరిగి రాదు. మందు ఉన్నదాన్ని కాపాడుతుంది, అంతే.”

ఆ రోజు మార్చి ఇచ్చిన రెండు చుక్కలమందు సీసాల్లో ఒకదాన్ని ఆమె తిప్పి చూసింది. తర్వాత తలెత్తి, ఈ మందు రోజుకు ఎన్నిసార్లు వెయ్యాలి సార్ అని అడిగింది. అరవంలో అడిగింది. నేను తెలుగులో జవాబిచ్చాను. రెండో సీసా గురించి మళ్ళీ అరవంలోనే అడిగింది. ఆ తర్వాత ఆమె నన్ను తమ్ముడా అని పిలవలేదు. నన్ను తిట్టినా ఇంత బరువుగా ఉండేది కాదు.

గ్లాకోమా ఒకరికి ఉంటే తోడబుట్టినవాళ్ళనూ పరీక్షించాలి. నేను పిలిస్తే సీత రాదు అంది గురువమ్మ. నంబరు తీసుకుని నేనే విరుదునగర్‌కు ఫోను చేశాను.

“ఓహో, ఇప్పుడు ఆస్పత్రోళ్ళతో మాట్లాడిస్తా ఉండాదా మహారాణి!” అంది సీత. “నేను కల్యాణంలో బంతికి వడ్డిస్తా ఉంటిని. అంత దగ్గర. నా కొంగు తగిలేట్ట పోయింది, తల తిప్పలేదు.”

“మీరు ఆమెకు ఏ పక్కన ఉన్నారమ్మా?”

“ఎడమ పక్కన. ఏమిటికి?”

“ఆ పక్క మీ అక్కకు లేదమ్మా.”

“ఎన్నాళ్ళుగా?” అని అడిగింది. నాకు తెలిసినంతవరకు చెప్పాను. అందులో నా పాలు కూడా చెప్పాను.

సీత మరుసటి వారం వచ్చింది. చీకటి గదిలో ఆమె మెషిన్ ముందు, గురువమ్మ మూలన స్టూలు మీద. పరీక్ష సగంలో ఉండగా సీత బటన్ మీదినుంచి వేలు తీసింది.

“ఏమండీ, నాకేం కనపడతా లేదు. నొక్కాల్నా వద్దా? కొంచెం చెప్పండి.”

నా కళ్ళముందు స్క్రీన్ మీద వెలుగు పడుతోంది. మూడు దాటింది. బయట జనం ఉన్నారు. నేను పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. మూలనుంచి గురువమ్మ గొంతు వచ్చింది, మా ఇంటి తెలుగులో.

“అడగొద్దే సీతా. కనపడకపోతే ఊరికే ఉండు. ఫెయిలైనా ఏమీ కాదు. నేను పాసయ్యే ఇట్లయినాను.”

సీత కుడి కంటి కాగితంలో ముక్కువైపు చిన్న నల్లమచ్చ వచ్చింది. ఆ రోజే మందు మొదలైంది. వెళ్ళేటప్పుడు సీత ఒక మెట్టు ముందు దిగి, వెనక్కి తిరిగి, అక్క మొహానికి ఎదురుగా చెయ్యి చాపింది. పక్కనుంచి కాదు. గురువమ్మ ఆ చెయ్యి పట్టుకుని, నావైపు తిరక్కుండానే, వస్తాను సార్ అని అరవంలో అంది.

జాలి పడటం కూడా పనిలో తప్పు కాగలదని నాకు ఆమెవల్ల తెలిసింది. ఆ తెలివికి వెల ఆమె చెల్లించింది, నేను కాదు. ఇప్పుడు మనుషుల మీద ఫిర్యాదుతో వచ్చేవాళ్ళ మాట ఆపి, అది ఏ పక్కన జరిగిందని అడుగుతున్నాను. మూడు దాటితే ఇప్పటికీ అలసటగానే ఉంటుంది. ఎవరైనా ‘నువ్వు మనోడేనా’ అంటే అవునంటాను. ఆ తర్వాత పరీక్ష అయ్యేదాకా నోరు తెరవను.