చిల్లుల పేపరు

పొద్దున్నే పేపరు ఎప్పటిలాగే వస్తోంది గానీ, ఇప్పుడది చిల్లు లేకుండా ఆవిడ చేతికి అందుతోంది. పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ నిండు పేపరు చూసి ఎరగదు. ఆయన ఒక చేత్తో కాఫీ కప్పు, ఇంకో చేత్తో కత్తెర పట్టుకుని కుర్చీలో కూర్చునేవాడు. తను పనిచేసే విశ్వవిద్యాలయం పేరు ఎక్కడ కనబడితే అక్కడ కచకచా కత్తిరించేసేవాడు. ఆ తర్వాత పేపరు ఆవిడ దగ్గరికి వచ్చేది, కిటికీలు పెట్టిన గోడలాగా. వెనక పేజీలో ఏముందో ఆయనకు పట్టేది కాదు. దొంగ దొరికాడన్న వార్తలో దొంగ ఉండేవాడు, దొరకడం ఉండేది కాదు.

"మీ గొప్పల కోసం నా దొంగని వదిలేశారు కదండీ!" అనేది ఆవిడ.

"ఎక్కడికి పోతాడే? రేపు ఇంకో ఇంట్లో పడతాడు. అప్పుడు తీరిగ్గా చదువుకో."

చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయిన ఆవిడకు ఆ పేపరే బడి. సగం వార్త కూడబలుక్కుని చదివి, మిగతా సగం తనే అల్లుకునేది.

ఆయన పౌరసంబంధాల అధికారి. అంటే ఏం చేస్తారని పెళ్ళయిన కొత్తలో అడిగింది.

"ఇల్లు కారుతుంటే నువ్వేం చేస్తావు?"

"కింద గిన్నె పెడతాను."

"నేను ఆ గిన్నెకి ఫొటో తీయిస్తాను."

తోటివాళ్ళు ఆయనకు సున్నం మేస్త్రి అని పేరు పెట్టారు. ఎంత పెచ్చులూడిన గోడైనా ఆయన చెయ్యి తగిలితే తెల్లగా మెరవాల్సిందే. ఎవరైనా వెనక నుంచి "మేస్త్రీ" అని పిలిస్తే బిరుదు ఇచ్చినట్టు తిరిగి చూసేవాడు.

ఒకసారి హాస్టల్లో నీళ్ళు రాక పిల్లలు ఖాళీ బకెట్లతో గేటు ముందు బైఠాయించారు. విలేకరులు వచ్చారు. పెద్ద అధికారులంతా తలుపులేసుకుని కూర్చున్నారు. ఈయన ఒక బకెట్ బోర్లించి, దాని మీద కూర్చుని, విలేకరులతో నింపాదిగా చెప్పాడు, అది నీటి పొదుపు మీద విద్యార్థులు చేపట్టిన అవగాహన కార్యక్రమం అని. మర్నాడు అదే అచ్చయింది. పిల్లలు మండిపడ్డారు, ఆ తర్వాత పడీపడీ నవ్వారు. నీటి పొదుపు గురించి ఉపన్యసించమని ఊళ్ళో నాలుగు సంఘాలు వీసీ గారిని పిలిచేసరికి, తన పరువు కోసమైనా వీసీ గారికి హాస్టల్‌కి నీళ్ళు వదలక తప్పలేదు.

ఇంకోసారి, కొత్తగా చేరే పిల్లల కోసం వేసే ప్రవేశాల పుస్తకంలోకి ఈతకొలను ఫొటో కావాల్సి వచ్చింది. కొలనే లేదు. కొత్త భవనానికి తవ్విన గోతిలో వాన నీళ్ళు నిండి ఉంటే, తన సహాయకుణ్ణి అందులోకి దింపి ఫొటో తీయించాడు. ఫొటో అద్భుతంగా వచ్చింది. ఆ మనిషి చాలాకాలం గోక్కుంటూనే ఉన్నాడు. అయినా గురువుగారిని పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు ఆఫీసులో ఆయన కుర్చీలో కూర్చున్నది ఆ శిష్యుడే.

ఇంట్లో మాత్రం ఆయన నోటికి సున్నం అంటేది కాదు.

"కూరెలా ఉందండీ?"

"గడ్డిలా ఉంది."

"నా కోసం ఒక్క అబద్ధం ఆడితే మీ సొమ్మేం పోయింది?"

"ఆఫీసులోనే అయిపోతాయే. ఇంటిదాకా మిగలవు."

అలాంటి మనిషి ఒక ఆదివారం, కడుపునిండా తిని, ఆ కుర్చీలోనే కాళ్ళు చాపుకుని, "ఫ్యాను కొంచెం పెంచు" అన్నాడు. ఆవిడ లేచి పెంచి, వెనక్కి తిరిగేసరికి ఆయన లేడు. ఆయన వదిలి వెళ్ళినవాటిలో ఆవిడ ఎవరికీ పంచకుండా దాచుకున్నది ఆ ఒక్క మాట.

కొన్నాళ్ళకు శిష్యుడు వచ్చాడు. సంతాప సభ పెడుతున్నారట. ప్రవేశాల కాలం కూడా దగ్గర పడింది. వీసీ గారు చదవబోయే కాగితం తీసి వినిపించాడు. "ప్రవేశాల పుస్తకం దిద్దుతూ బల్ల మీదే ఒరిగిపోయారు. 'ఈ ఏడాది సీట్లన్నీ నిండాలి' అన్నదే ఆ మహనీయుడి చివరి మాట."

గోడవారగా మంచం మీద ఉన్న అత్తగారు తల ఎత్తింది. "ఏ బల్ల నాయనా? నా కొడుకు ఆదివారం పూట బల్ల ముఖం చూసిన పాపాన పోలేదు. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. అదీ రాసుకో."

"అది కాదమ్మా..."

"ఆ మాట తీసెయ్యండి" అంది ఆవిడ. "ఆయన అన్నది ఫ్యాను పెంచమని."

"వదినా, ఫ్యాను పెంచమన్నాడని రాస్తే ఎవరు చదువుతారు చెప్పు?"

"ఎవరూ చదవకపోతే పోనీ. ఆయన అనని మాట ఆయన నోట్లో పెట్టొద్దు."

"సరే, చూస్తాన్లే."

చూస్తానంటే చెయ్యనని. అన్నేళ్ళు సున్నం మేస్త్రితో కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తెలియదా?

సభ రోజున హాలు ఆవిరి పట్టినట్టు ఉంది. వేదిక మీద ఆయన ఫొటో. ఎప్పుడూ కెమెరా వెనకాలే ఉన్న మనిషికి సొంత ఫొటో ఎక్కడిది? ఏదో గుంపు ఫొటోలోంచి కత్తిరించారు, భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది. వీసీ గారు చెమట తుడుచుకుంటూ కాగితం చదివారు. బల్ల అలాగే ఉంది. సీట్లూ అలాగే నిండాలి. ఆవిణ్ణి పైకి పిలిచి చేతిలో జ్ఞాపిక పెట్టారు. తీసుకుని దిగిపోవాలి. ఆవిడ దిగలేదు. మైకు దగ్గరికి వెళ్ళింది.

"మావారు ఇంట్లో అబద్ధం ఆడేవారు కాదండీ. ఇంట్లోనే పోయారు. చివరిగా అన్నది, ఫ్యాను కొంచెం పెంచు అని. అంతే."

వెనక వరసలో ఎవరో తల ఎత్తి పైకి చూశారు. పక్కవాళ్ళూ చూశారు. బూజు పట్టిన ఫ్యాన్లు ఒక్కటీ తిరగడం లేదు.

"మాక్కూడా పెంచండి సార్!" అని ఒక కేక. హాలంతా నవ్వులు, ఈలలు, చప్పట్లు. వీసీ గారి ముఖం వంకాయ రంగుకి తిరిగింది. శిష్యుడు మొదట పాలిపోయాడు. తర్వాత మెల్లగా ఫ్యాన్ల వైపు చూశాడు. ఆ చూపు ఆవిడకు బాగా తెలుసు. ఆనాడు ఇంటికొచ్చి బకెట్ల కథ చెబుతున్నప్పుడు ఆయన కళ్ళల్లో ఉన్నది సరిగ్గా అదే.

మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలు: "ఫ్యాను కొంచెం పెంచు: తుదిశ్వాసలోనూ విద్యార్థుల ఉక్కపోతనే తలచిన అధికారి. సభామందిరానికి కొత్త ఫ్యాన్లు ప్రకటించిన వీసీ."

ఆవిడ కూడబలుక్కుంటూ అత్తగారికి పైకి చదివి వినిపించింది.

"విద్యార్థులా!" అంది అత్తగారు. "వాడికి పట్టింది వాడి చెమటే. అయినా మాట మాత్రం వాడిదే వేశారే."

"ఆయనదే అత్తయ్యా" అంది ఆవిడ. ముందు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది గానీ, నవ్వు దాన్ని తోసుకుని ముందుకొచ్చింది. ఆయన పోయాక ఆ ఇంట్లో ఎవరైనా అలా నవ్వడం అదే మొదలు.

ఫోను మోగింది. శిష్యుడు. "వదినా, చూశావా? మాట మార్చలేదు, చూసుకో. మన ఆఫీసు ఫైల్లోకి కావాలి, జాగ్రత్తగా కత్తిరించి ఉంచు, సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను."

"సరే, చూస్తాన్లే" అంది ఆవిడ.

కత్తెర ఆయన పెట్టిన చోటే, కిటికీ గట్టు మీద ఉంది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. పేజీ తిప్పి, ఆయన వార్తకు వెనక ఏముందా అని చూసింది. సైకిళ్ళ దొంగ. ఆయన కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుని, వాడు దొరికేదాకా చదివింది.