స్వేదజ్వాలకు కన్నడ ప్రతి

ఆ రోజుల్లో నాకు రెండే పనులుండేవి. వారంలో ఆరు రోజులు అలసిపోవడం, ఏడోరోజు ఆ అలసట మీద కవిత్వం రాయడం. మొదటిదానితో నేనొక్కణ్ణే బాధపడేవాణ్ణి, రెండోదానితో నలుగురూ బాధపడేవారు. యశ్వంతనగర్ దగ్గర ఇనుపరాయి లారీలను తూచే వేబ్రిడ్జిలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. లారీ ఎక్కుతుంది, దిగుతుంది, నేను చీటీ చింపి ఇస్తాను. చూడ్డానికి కూర్చుని చేసే పనే. కానీ సాయంత్రానికి కనురెప్పల మీద కూడా ఎర్రదుమ్ము పేరుకునేది, ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో విడివిడిగా తెలిసేది. ఇంటికెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్లు కాస్త జరిగి కూర్చునేవారు. (అది కవికిచ్చే మర్యాద అనుకునేవాణ్ణి. ఆ వయసులో మనిషి ఏదైనా అనుకోగలడు.)

కూరెకుప్పలో మా అన్న ఇంట్లో ఉండేవాణ్ణి. అన్నకు ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులు. నేను వచ్చే వేళకు అతను వెళ్లేవాడు, అతను వచ్చే వేళకు నేను వెళ్లేవాణ్ణి, మధ్యలో ఇద్దరికీ వండిపెట్టి, ఇద్దరి బట్టలూ ఉతికి, ఇద్దరి పిలుపులకూ పలికేది మా వదిన. వదినది కూడా తెలుగు ఇల్లే. కానీ సండూరులో కన్నడ బడిలో చదువుకుంది. నేను గుంతకల్లులో మేనత్త ఇంట్లో ఉండి తెలుగు బడిలో చదివాను. అందువల్ల ఒకే ఇంట్లో ఒకే భాష మాట్లాడుకుంటూ ఒకరి రాత ఒకరికి సరిగ్గా అర్థంకాని మనుషులమయ్యాం. మా బళ్లారి వైపు ఇదేం వింత కాదు. అచ్చక్షరాలైతే ఇద్దరం కూడబలుక్కుని చదివేవాళ్లం, బస్సు బోర్డుల వరకూ ఇబ్బంది లేదు. గొలుసుకట్టు చేతిరాత అయితే ఇద్దరికీ అక్కడితో చదువు ముగిసేది.

ప్రతి నెలా రెండో ఆదివారం బళ్లారి బ్రూస్‌పేటలో, ఒక బట్టల కొట్టు మేడమీద మా కవిగోష్ఠి జరిగేది. ఇరవై కుర్చీలు, పదిహేనుమంది కవులు, ఒక మైకు. శ్రోతలు లేరు. అంత చిన్న గదికి మైకెందుకని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆ మైకు మా అధ్యక్షులవారి సొంతం. ఆయన దాన్ని సంచీలో పెట్టుకుని వచ్చేవారు, కవికీ కవికీ మధ్య అదే మైకులో తన అభిప్రాయం చెప్పేవారు. ఆ అభిప్రాయం కవిత కన్నా పొడుగ్గా ఉండేది. మేమంతా ఆయన్ను చాటుగా మైకప్ప అనేవాళ్లం. చదివినవాళ్లు చదివినట్టే ఫోనొచ్చిందంటూ మెట్లు దిగిపోయేవారు. నేను అందరికన్నా చిన్నవాణ్ణి గనక చివర చదివేవాణ్ణి. అప్పటికి మైకప్ప, నేను, కుర్చీలు సర్దుకోవాలని ఎదురుచూసే కొట్టు యజమాని మిగిలేవాళ్లం. కొట్టు యజమాని ప్రతిసారీ చప్పట్లు కొట్టేవాడు. అవి కవితకా, అది ముగిసినందుకా అని నేను ఆరా తీయలేదు.

ఇంత నీరసంలోనూ నన్ను నడిపించిన ఆశ ఒక్కటే. ఉగాదికి మావాళ్లు ఒక చిన్న సంచిక అచ్చువేసేవారు. అందులో మొదటి పేజీ కవిత ఎవరిదైతే ఆ ఏడాదంతా అతన్ని అందరూ కవిగారూ అని పిలిచేవారు. మూడేళ్లుగా నా పేరు ఆఖరి పేజీలో కూడా రాలేదు. నాలుగో ఏడు మైకప్పకు ఒక కొత్త ఆలోచన వచ్చింది. ఉగాది మనకూ కన్నడిగులకూ ఒకటే కదా, ఈసారి సభ రెండు భాషల్లో జరగాలి, ప్రతి తెలుగు కవితకూ కన్నడ ప్రతి ఉండాలి, దాన్ని రిటైరైన ఒక కన్నడ మేష్ట్రు చదువుతారు, మొదటి పేజీ కవితను కూడా ఆయనే ఎంచుతారు అన్నారు. నా చిక్కల్లా ఇక్కడే. కన్నడం మాట్లాడతాను, వింటే ప్రతి ముక్కా తెలుస్తుంది, రాయమంటే మాత్రం పెన్ను కదలదు.

నా కవిత పేరు 'స్వేదజ్వాల'. ఎనభై నాలుగు పంక్తులు. ఒక రాత్రి దాన్ని పట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. వదిన జొన్నరొట్టె తడుతోంది.

"వదినా, నేను చదువుతా, నువ్వు దీన్ని కన్నడంలో రాసియ్యల్ల."

"చెయ్యి ఖాళీ లేదు గదప్పా. నువ్వు చదువుతాండు, వింటా. ఆమీద రాస్తా."

మొదటి పంక్తి చదివాను. రొట్టె తిప్పుతూ ఆగింది.

"అగ్నిశిఖల అంతరాళంలో అంటివి గదా, అంటే ఏందిప్పా?"

"అంటే... లోపల మంట ఉంటాది గదా, దాని లోపల."

"మంటలోపల ఏముంటాది?"

"అంతరాళం."

"నీకే తెల్లేదంటే నేను కన్నడంలో ఏం రాయాలప్పా? సరే, ముందుకు పో."

ముందుకు పోయాను. ఎంతదూరం పోయానో నాకు తెలీదు. కళ్లు తెరిచేసరికి చాప మీద ఉన్నాను, ఒంటి మీద దుప్పటి ఉంది, కిటికీలోంచి ఎండ పడుతోంది. నా కవితకు నేనే నిద్రపోయాను. (నా శ్రోతల మీద నాకు సానుభూతి మొదలైంది ఆ ఉదయమే.) వదిన నాలుగు మడతల కాగితం చేతికిచ్చింది. విప్పి చూశాను. అంతా గొలుసుకట్టు. ఒక పేజీ కూడా నిండలేదు.

"ఇంతేనా వదినా? నాది ఎనభై నాలుగు పంక్తులుండాదే."

"కన్నడంలో ఇంతే ఐతాదిప్పా. బస్సుకి టైమయితాది, పో."

ఒకసారి చదివి వినిపించమని అడిగి ఉండవచ్చు. అడగలేదు. నా కవితే కదా, అందులో నాకు తెలియనిదేముంటుంది అనుకున్నాను. పైగా కాగితం అడుగున 'కన్నడ ప్రతి కూడా కవిగారిదే' అని గొలుసుకట్టు తెలుగులో రాశాను.  రెండు భాషల కవి అనిపించుకుంటే మొదటి పేజీకి దగ్గరవుతానని కావచ్చు.

ఉగాది సభకు కన్నడ కవులు కూడా వచ్చి కుర్చీలు నిండాయి. నేను 'స్వేదజ్వాల' చదివాను. జనం విసనకర్రల్లాగా వాడుకుంటున్న ఆహ్వానపత్రికల వేగం చదువుతున్నకొద్దీ పెరిగింది. ముగించి కూర్చున్నాను. మేష్ట్రు లేచి, కళ్లజోడు సర్దుకుని, వదిన కాగితం తీశారు.

అందులో అగ్నిశిఖలు లేవు. మా ఇంట్లో ఒక చొక్కా ఉంది అని మొదలైంది. మొదటి నీళ్లు ఎర్రగా పోతాయి, రెండో నీళ్లూ ఎర్రగానే పోతాయి, మూడో నీళ్లకు చొక్కా సంగతేమో గానీ నా చేతులు ఎర్రబడతాయి. ఆ చొక్కా నా మైదునది. (మైదున అంటే మరిది. అంటే నేనే.) అతను అలసట మీద పెద్ద పాట కట్టాడు. నాకు వినిపిస్తూ వినిపిస్తూ పన్నెండో పంక్తి దగ్గర నిద్రపోయాడు. నిద్రలో లారీ నంబరు అడిగాడు. నేను ఏదో ఒక నంబరు చెప్పాను, హాయిగా పక్కకు తిరిగి పడుకున్నాడు. అక్కడ సభంతా ఘొల్లుమంది. మేష్ట్రు కూడా ఒక క్షణం ఆగి నవ్వారు. తర్వాత చివరి నాలుగు పంక్తులు చదివారు. పొయ్యి తుడిచి కూర్చున్నాను. అలసిపోయానని అతను ఊరందరికీ చెప్పగలడు. నేనూ అలసిపోయాను. ఎవరికి చెప్పాలో తెలీక ఈ కాగితానికి చెబుతున్నాను.

విసనకర్రలు ఆగిపోయాయి. ఆ తర్వాత మోగినన్ని చప్పట్లు ఆ మేడమీద అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. మేష్ట్రు నావైపు తిరిగి, "ఈ కన్నడ యారదప్పా, నిందేనా?" అన్నారు. ఈ కన్నడం నీదేనా అని. నోరు తెరిచి చెప్పడానికి ఒక్క మాట చాలు. నా నోరు తెరుచుకోలేదు, తల మాత్రం అవునని ఊగింది. ఆడమనిషి గొంతుతో ఇంత బాగా రాశాడంటే ఇంట్లో పనులన్నీ ఇతనే చేస్తుంటాడు అని ఎవరో అన్నారు. నేను వినయంగా నేలచూపులు చూశాను. మొదటి పేజీ నాదయింది. మైకప్ప నా చెవిలో, "తెలుగు గూడ కన్నడంలో ఉండేట్లే మార్చి రాసియ్యప్పా. తెలుగులో యాడనో దెబ్బతినిండాది," అన్నారు.

ఇంటికొచ్చేసరికి వదిన బియ్యం ఏరుతోంది.

"నవ్విరా?"

"నవ్వినారు వదినా. ఆమీద శానాసేపు చప్పట్లు కొట్టిరి."

ఆమె ముఖం ఒక్కసారి వెలిగింది. అంతకుముందు ఆమె ముఖం అలా ఉండటం నేను చూడలేదు, లేదా ఎప్పుడూ సరిగా చూడలేదు. "నా పేరు చెప్తివా?" అంది.

"టైము లేకపాయ వదినా."

"పోనీలే," అని మళ్లీ బియ్యంలో చెయ్యి పెట్టింది. నాకు సిగ్గేసింది. అయినా ఆ సిగ్గుతోనే, సభ నుంచి తిరిగి తెచ్చిన కాగితం పట్టుకుని, ఇది చదివి చెప్పు వదినా, తెలుగులో రాసుకోవాలి అన్నాను. ఆమె చదివి తెలుగులో చెప్పింది, నేను రాసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను రాసిన మొదటి మంచి తెలుగు అదే, అదీ ఇంకొకరు చెబుతుంటే రాసింది.

పదిహేను రోజులకు సంచిక వచ్చింది. వదిన చేతులు తుడుచుకుని తీసుకుంది. మొదటి పేజీ మీద వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. అచ్చు కదా, చదవగలదు. ఆ సంగతి నాకెందుకు తట్టలేదో. వేలు కిందికి దిగి నా పేరు దగ్గర ఆగింది.

"ఇది నీ పేరు గదా. నాది యాడుండాది?"

"మరిచిపోయినారు వదినా."

"ఎవురు?"

కోపంగా అనలేదు. రోజంతా పనిచేసి కూర్చున్న మనిషి అడిగినట్టు అడిగింది.  "సరే, జోపానంగా దాచి పెట్టుకోప్పా. అచ్చయింది గదా," అని పుస్తకం నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ పుస్తకాన్ని పెట్టుకోవడానికి ఇంట్లో ఎక్కడా చోటు దొరకలేదు నాకు.

తర్వాతి రెండో ఆదివారం బ్రూస్‌పేట వెళ్లి, ముందుగా నేనే చదువుతానని పట్టుబట్టి మైకు తీసుకున్నాను. పశ్చాత్తాపం మీద రెండు పేజీలు రాసుకెళ్లాను. (అందులోనూ అగ్నిశిఖలున్నాయి.) కన్నడ ప్రతి నాది కాదు, మా వదినది అన్న మొదటి వాక్యం చదివి, సభ ఉలిక్కిపడుతుందని ఆగాను. ఎవరూ కదల్లేదు. మైకప్ప ఆవులించి, "ఆ సంగతి మాకు ఆ పొద్దే తెలుసప్పా. మేష్ట్రుకీ తెలుసు. నువ్వు రాసింటావని ఈడ ఎవురూ అనుకోలేదు. నువ్వే ఎప్పుడు చెప్తావో అని ఊరికే ఉంటిమి. సాకు, చాలు, ఇంక కూర్చో. వచ్చే నెలకి ఆయమ్మని పిల్చుకురా," అన్నారు. మిగతా పశ్చాత్తాపమంతా నా జేబులోనే ఉండిపోయింది.

వదినకు చెప్పాను, ఈసారి ఏదీ దాచకుండా. చాలాసేపు నవ్వింది. "నేను యాడికి పోయేదప్పా? ఆదివారం కొళాయి వచ్చే దినం. వారానికి ఒక పొద్దు వచ్చే నీళ్లు ఎవురు పడతారు?" అంది.

"నేను పడతాను వదినా."

నమ్మలేనట్టు చూసింది. కానీ ఆ ఆదివారం మంచి చీర కట్టుకుని, కొత్త కాగితం మడిచి సంచీలో పెట్టుకుని బస్సెక్కింది. నేను డ్రమ్ములు, బిందెలు, బకెట్లు, చివరికి చెంబులు కూడా నింపాను. మధ్యాహ్నానికి నడుం పట్టేసి గోడకానుకుని కూర్చుంటే, అన్న షిఫ్టు దిగి వచ్చి, ఇంత పనికే అంత అలసటా అని నన్ను చూసి నవ్వాడు. సాయంత్రం వదిన వచ్చింది. ఎట్లా జరిగింది వదినా అంటే, "అందరూ శానాసేపు చదివిరిప్పా, కూర్చోని కూర్చోని కాళ్లు పట్టుకపోయె. నాది రెండు నిమిషాలే," అంది. ఏం చదివావని అడిగితే, నీళ్లు చూసి, "బాగానే పట్టినావే," అంది గానీ అది మాత్రం చెప్పలేదు.

ఆవిడ ఇప్పటికీ అప్పుడప్పుడూ వెళ్తుంది. నేను కవిత్వం మానేసి చాలా కాలమైంది, ఎవరూ కారణం అడగలేదు. ఎన్నో ఆదివారాలు ఎంతోమంది కవితలు కూర్చుని విన్నాను. తీరా వినదగిన కవిత ఒకటి ఆ మేడమీద చదివిన రోజున నేను ఇరవై మైళ్ల దూరంలో బిందె నిండిందా లేదా అని చూస్తూ నిలబడ్డాను. అది తలుచుకుంటే బాధగానే ఉంటుంది. కానీ లుంగీ ఎగ్గట్టుకుని, నడుం పట్టుకుని, మొట్టమొదటిసారిగా ఎవరికీ చెప్పుకోకుండా అలసిపోయిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి మీద నాకు కాస్త ఇష్టం కలిగింది ఆ ఒక్క రోజే.